గయ అమ్మ కోసం, బోధ్‌గయ నాన్న కోసం

మా ఇంట్లో ఒప్పందం ఇలా కుదిరింది. గయలో నాన్నకు పిండప్రదానం చెయ్యాలి, అది అమ్మ పట్టు. అంత దూరం వెళ్లాక పక్కనే ఉన్న బోధ్‌గయ చూడకుండా తిరిగి రాకూడదు, అది నాన్న బతికుండగా పదిసార్లు అనుకుని వెళ్లలేకపోయిన చోటు. రెండింటి మీదా నాకు నమ్మకం లేదు. టికెట్లు మాత్రం నేనే బుక్ చేశాను.

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. మాతో పాటు గుళ్లకు వచ్చేవారు కానీ గడప దాటేవారు కాదు. మంగళగిరి అయినా, కోటప్పకొండ అయినా, "మీరు వెళ్లి రండి, నేను చెప్పులు కాస్తాను" అని ఏ అరుగు మీదో కూర్చుని పేపరు తీసేవారు. బుద్ధుడి దగ్గర మాత్రం కొంచెం మెత్తబడేవారు. "ఆయన దేవుడు కాదురా, మాస్టారు" అనేవారు. 2006 జనవరిలో మా గుంటూరు దగ్గర అమరావతిలో దలైలామా కాలచక్ర ఉత్సవం జరిగినప్పుడు నన్ను స్కూటర్ వెనక ఎక్కించుకుని తీసుకెళ్లారు. అక్కడి లామాలను, వాళ్లు తిప్పే చక్రాలను, సాష్టాంగాలను ఓ గంట చూశారు. "మాస్టారిని కూడా దేవుణ్ణి చేసేశారన్నమాట" అని, దారిలో చెరుకురసం తాగించి ఇంటికి తీసుకొచ్చేశారు.

2022 ఆగస్టులో పోయారు. తన పేరు మీద ఏ తంతూ చెయ్యొద్దని ఎప్పుడూ చెప్పేవారు. అమ్మ ఏడాది దాటేదాకా ఊరుకుంది. తర్వాత ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "ఆయన మాట ఆయన చెప్పి వెళ్లిపోయారు. నా మాట ఎవరు వింటారు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

2024 జనవరి 8, సోమవారం రాత్రి విజయవాడలో సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అశోకుడి కూతురు సంఘమిత్ర బోధివృక్షం కొమ్మను సింహళానికి తీసుకెళ్లిందని చెబుతారు. ఆ పేరున్న బండిలోనే బోధ్‌గయకు వెళ్తున్నామని అమ్మతో అంటే, "మంచి శకునమే" అంది. శకునం కాదమ్మా, కన్ఫర్మ్ అయిన బండి అన్నాను. అమ్మ సంచిలో కందిపొడి, ఆవకాయ, రెండు పూటలకు సరిపడా పులిహోర, చిన్న కరెంటు కుక్కర్, రెండు కిలోల బియ్యం ఉన్నాయి. ఆ కుక్కర్ ఎందుకని నేను విజయవాడ దాకా గొణుగుతూనే ఉన్నాను. తర్వాత నాలుగు రోజులూ దాని పుణ్యమా అనే తిన్నాం. పుణ్యమంటే మాటవరసకే.

10వ తేదీ పొద్దున మొగల్‌సరాయ్‌లో దిగాం. స్టేషన్ బోర్డు మీద ఇప్పుడు పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని ఉంటుంది, కూలీలు మాత్రం మొగల్‌సరాయ్ అనే అంటున్నారు. అక్కడి నుంచి గయ రెండు వందల కిలోమీటర్లు ఉంటుందేమో. కానీ పొగమంచు. ప్లాట్‌ఫాం మీద పది అడుగుల అవతల మనిషి కనబడడం లేదు. మా బండి గంట ఆలస్యం అన్నారు, తర్వాత రెండున్నర అన్నారు, చివరికి నాలుగు గంటల నలభై నిమిషాల తర్వాత వచ్చింది. అమ్మకు డెబ్బై ఒకటి, రెండు మోకాళ్లూ నొప్పే. వెయిటింగ్ హాల్లో కుర్చీ దొరకక ట్రంకుపెట్టె మీద కూర్చుంది. జనవరిలో ఆ వైపు వెళ్లేవాళ్లు ఒక రోజు ఖాళీ పెట్టుకుని బయల్దేరండి. మాకు ఆ ఖాళీ లేదు. మర్నాడే అమావాస్య.

గయ సంగతి తొందరగా చెప్పేస్తాను, వెళ్లొచ్చినవాళ్లు మన దగ్గర ఇంటికొకరు ఉంటారు. తెలుగు మాట్లాడే పురోహితుడితో ఫోన్లో నాలుగు వేలకు ఒప్పుకున్నాం. ఫల్గుణి ఒడ్డున, విష్ణుపాదం దగ్గర, అక్షయవటం కింద అన్నీ అయ్యేసరికి ఆరు వేల మూడు వందలు అయింది. ఒక్కో చోట ఎవరికి ఎంత ఇవ్వాలో ముందే విడివిడిగా అడిగి కాగితం మీద రాసుకుంటే ఈ గొడవ ఉండదు. సీతమ్మ శాపం వల్ల ఫల్గుణిలో నీళ్లు పైకి కనబడవని మనం విన్న కథ. 2022లో రబ్బరు డ్యాం కట్టాక విష్ణుపాదం దగ్గర నీళ్లు నిలబడుతున్నాయి. "శాపం తీరిపోయిందా?" అని అమ్మ పురోహితుణ్ణి అడిగింది. ఆయన మంత్రం ఆపకుండానే తల అడ్డంగా ఊపాడు.

అక్షయవటం కింద ఒక కాయ, ఒక పండు వదిలెయ్యాలి. ఇక జన్మలో అవి తినకూడదు. అమ్మ సీతాఫలం వదిలేసింది, తనకు ప్రాణం అది. నేను కాకరకాయ వదిలాను. చిన్నప్పటి నుంచీ నేను కాకరకాయ నోట్లో పెట్టింది లేదు. అమ్మ నా వైపు ఒక్క చూపు చూసి ఊరుకుంది. ఆ చూపు కంటే నాలుగు తిట్లు నయం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పిండాలు చేస్తున్నప్పుడు నాకేమీ అనిపించలేదు. నాన్న పేరు, గోత్రం చెప్పమన్నప్పుడు మాత్రం గొంతు పూడుకుపోయింది. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అది నమ్మకం కాదు, ఆ పేరు నోటితో పైకి పలికి చాలా రోజులైంది.

ఆ సాయంత్రమే బోధ్‌గయకు వెళ్లిపోయాం. బ్యాటరీ రిక్షాను అక్కడ టోటో అంటారు. మా ఇద్దరికీ, సామానుకీ కలిపి మూడు వందల యాభై తీసుకున్నాడు. పన్నెండు పదమూడు కిలోమీటర్లే కానీ గంట పట్టింది. గుడ్డ కప్పు కింద చలిగాలి సూటిగా కొట్టింది, అమ్మకు దుప్పటి చుట్టాను. హోటల్ రోజుకు రెండు వేల నాలుగు వందలు. వేసవిలో ఇదే గది తొమ్మిది వందలట. డిసెంబర్ ఆఖరున దలైలామా బోధనలు అయ్యాయి, వచ్చినవాళ్లు ఇంకా పూర్తిగా వెళ్లలేదు, అందుకని రేట్లు దిగలేదు. గీజర్ పనిచెయ్యలేదు. అడిగితే రెండు బకెట్లు వేడినీళ్లు పైకి తెచ్చి ఇచ్చారు.

12వ తేదీ శుక్రవారం. మహాబోధి ఆలయం పొద్దున ఐదింటికి తెరుస్తారు. ఐదుంబావుకు వెళ్తే అప్పటికే ఫోన్లు పెట్టే కౌంటర్ దగ్గర లైను. ఫోను లోపలికి రానివ్వరు. ఇది అందరూ చెప్పారు. పవర్‌బ్యాంకు, ఇయర్‌ఫోన్లు కూడా కుదరవని ఎవరూ చెప్పలేదు. తనిఖీ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చి మళ్లీ లైన్లో నిలబడ్డాను. మొత్తం నలభై నిమిషాలు. 2013 జూలై 7న ఇక్కడ వరుసగా బాంబులు పేలాయి కదా, తనిఖీ గట్టిగానే ఉంటుంది, దాని మీద నాకేం కోపం లేదు. ఆడవాళ్ల లైను వేరే, అది గబగబా కదిలింది. అమ్మ ఎప్పుడో లోపలికి వెళ్లిపోయి అవతల నిలబడి నా కోసం చూస్తోంది. ఆ జనంలో ఫోన్ లేకుండా మనిషిని వెతుక్కోవడం ఎలాగో మర్చిపోయాం మనం. విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి.

చెప్పుల కౌంటర్ దాటాక చలువరాయి మీద నడవాలి. ఆ చలికి అరికాళ్లు తిమ్మిరెక్కాయి. మేజోళ్లు వేసుకోవచ్చు, మందంవి తీసుకెళ్లండి.

గుడి మనం నిలబడ్డ నేల కంటే చాలా కిందికి ఉంటుంది, మెట్లు దిగి వెళ్లాలి. నూట ఎనభై అడుగుల గోపురం అన్నారు. మాకు సగమే కనబడింది. పైన సగం పొగమంచులో లేదు. శిఖరానికి థాయ్‌లాండ్ భక్తులు 2013లో దాదాపు 290 కిలోల బంగారం తొడిగించారు. ఆ బంగారం మాకు మధ్యాహ్నం పన్నెండుకు గానీ కనబడలేదు.

గర్భగుడిలో బంగారు పూత పూసిన బుద్ధుడు, కుడిచెయ్యి కిందికి దించి నేలను తాకుతూ ఉంటాడు. పదిహేను నిమిషాల లైను, ఇరవై సెకన్ల దర్శనం. ముందున్న వియత్నాం బృందం కాషాయ వస్త్రం ఒకటి పళ్లెంలో పెట్టి ఇచ్చింది. లోపలి భిక్షువు విగ్రహం మీదున్న వస్త్రం తీసి వీళ్లది కప్పాడు. వీళ్ల వెనకవాళ్లు ఇంకొకటి పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. పళ్లు, బిస్కెట్ ప్యాకెట్లు, రాగి గిన్నెల్లో నీళ్లు, నోట్లు. జనం కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నారు. అమ్మ చాలా సంతోషపడింది. "బాగుందిరా, మన గుడిలాగే ఉంది. విష్ణుమూర్తి అవతారమే కదా" అంది. నేను నీరసపడ్డానంటే కూడా అందుకే. మన గుడిలాగే ఉంది. నాన్న చెప్పిన మాస్టారు ఇక్కడెక్కడా లేడు.

వెనక్కి వెళ్తే చెట్టు. గుడి పడమటి గోడకూ చెట్టుకూ మధ్య వజ్రాసనం అనే రాతిపలక ఉంది, దాని మీద గొడుగు, చుట్టూ కటకటాలు. ఒక గైడు వచ్చి, చెట్టు రెండు వేల అయిదు వందల ఏళ్లదని మొదలుపెట్టాడు. నాకు ఊరుకోవడం చేతకాదు. అసలు చెట్టును అశోకుడి రాణి చంపించిందని ఒక కథ, బెంగాల్ రాజు శశాంకుడు నరికించాడని చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాత, 1876లో పాత చెట్టు గాలివానకు కూలిపోవడం మాత్రం కథ కాదు. ఇప్పుడున్నది ఆ తర్వాత పురావస్తు శాఖ అధిపతి కన్నింగ్‌హామ్ హయాంలో పాతదాని మొక్కతోనే నాటించింది. నాకొచ్చిన హిందీలో ఇదంతా చెప్పాను. గైడు ఓపిగ్గా విని, "పేడ్ వహీ హై సాబ్, లకడీ నయీ హై" అన్నాడు. చెట్టు అదే సార్, కర్ర కొత్తది అని. దీనికి ఎదురు చెప్పడానికి ఆ రోజంతా ఆలోచించాను. వంద రూపాయలు ఇచ్చి పంపేశాను.

పెద్దపెద్ద కొమ్మల కింద ఇనుప స్తంభాలు ఆసరా పెట్టారు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వచ్చి చెట్టు ఆరోగ్యం చూసి వెళ్తుంటారు. ఈ సంగతి నాకు నచ్చింది. నాన్నకు కూడా నచ్చేది.

అమ్మకు రావిచెట్టు కొత్త కాదు. "మూలతో బ్రహ్మరూపాయ" అనుకుంటూ ప్రదక్షిణం మొదలుపెట్టింది. ఆమె ముందు థాయ్ వాళ్లు పాళీలో ఏదో పాడుకుంటూ, వెనక టిబెట్ ముసలమ్మలు మాల తిప్పుకుంటూ. ముగ్గురి దిక్కూ ఒకటే, కుడివైపు నుంచే. మోకాళ్ల నొప్పని మెట్లు దిగడానికి నా భుజం పట్టుకున్న మనిషి పదకొండు చుట్లు తిరిగింది.

అందరూ చెప్పిన ప్రశాంతత గురించి ఒక మాట. అక్కడ ప్రశాంతత లేదు. ఒక్కో దేశం బృందానికీ ఒక్కో మైకు, ఒక్కో స్పీకరు. ఒక పక్క బర్మా వాళ్లు, ఇంకో పక్క శ్రీలంక వాళ్లు, మధ్యలో టిబెట్ వాళ్ల బాకాలు. సంక్రాంతికి మా వీధిలో మూడు గుళ్ల మైకులు ఒకేసారి మోగినట్టు ఉంది. ఆ హోరులోనే గుడి చుట్టూ పచ్చికలో వందలాది చెక్కపలకలు వరుసగా వేసి, వాటి మీద జనం సాష్టాంగాలు చేస్తున్నారు. లక్ష పూర్తిచెయ్యాలని మొక్కట. ఒక అమ్మాయి వేలికి లెక్కపెట్టే మిషన్ తొడుక్కుని ఉంది. చేతులు జారే చోట ఆమె పలక నూనె రాసినట్టు మెరుస్తోంది. నేను చూస్తుండగానే నలభై చేసింది. బలశాలి అయిన దేవుడు ఎవరో చూస్తున్నాడని చేసేలా లేదు. పొలం పని చేసినట్టు చేస్తోంది.

తొమ్మిదింటికి గదికి వెళ్లి, అన్నం వండుకుని కందిపొడితో తిని, పదిన్నరకు పురావస్తు మ్యూజియంకు వెళ్లాం. గుడి చుట్టూ ఉన్న పాత రాతికంచె అసలు ముక్కలు కొన్ని అక్కడే భద్రం చేశారు, క్రీస్తుపూర్వం నాటివి. మంత్రాలూ మైకులూ లేకుండా రాళ్లను రాళ్లలాగా చూడొచ్చని ఆశపడ్డాను. గేటుకు తాళం. శుక్రవారం సెలవు. నాన్న బుద్ధుడు ఉంటే గింటే ఇందులోనే ఉండి ఉంటాడు, ఆయనకూ వారానికొక రోజు సెలవు కాబోలు అనుకుని తిరిగొచ్చాం. మీరు శుక్రవారం తప్పించుకోండి.

ఆ తర్వాత నది అవతల బక్రౌర్ ఊళ్లోని సుజాత స్తూపానికి టోటోలో వెళ్లాం. ఎముకల గూడైన సిద్ధార్థుడికి పాయసం పెట్టిందంటారే, ఆ సుజాత పేరు మీద. ఇటుకల దిబ్బ, చుట్టూ ఆవాలచేలు పసుపుపచ్చగా, గుడి దగ్గరి జనంలో వందోవంతు కూడా లేరు. వంతెన మీద ఆగి చూస్తే నిరంజన నది అంతా ఇసుకే. ఈ నది మోహనతో కలిసి ఫల్గుణి అవుతుందని డ్రైవరు చెప్పాడు. "అయితే నిన్న మనం పిండాలు పెట్టింది ఈ నీళ్లలోనేగా" అంది అమ్మ. నీళ్లెక్కడున్నాయమ్మా అన్నాను. "ఈ ఇసుకే" అంది.

మధ్యాహ్నం గుడి బయట నా తెలివి బయటపడింది. పదేళ్ల కుర్రాడొకడు వెంటపడ్డాడు. డబ్బులు వద్దన్నాడు, అందుకే ఆగాను. బడికి నోటుపుస్తకాలు కావాలి, ఆ దుకాణంలో కొనిపెట్టండి చాలు అన్నాడు. మాస్టారి కొడుకుని కదా, మూడు వందల ఎనభై పెట్టి డజను పుస్తకాలు, పెన్నుల డబ్బా కొనిచ్చాను. వీధి మలుపులో టీ తాగి వెనక్కి తిరిగి చూస్తే, వాడు అదే కట్ట అదే దుకాణంలో వాపసు ఇస్తున్నాడు. దుకాణదారు డ్రాయరు లాగి వాడి చేతిలో ఏదో పెట్టాడు. విగ్రహాల్లో దేవుడు లేడని ముప్పై ఏళ్లుగా వాదించేవాణ్ణి. అమ్మ అప్పటికే వాడికి ఒక అరటిపండు ఇచ్చింది. అది మాత్రం వాడు అక్కడే తిన్నాడు.

ఎనభై అడుగుల బుద్ధ విగ్రహం, జపాన్ గుడి, థాయ్ గుడి చూశాం. 1989లో దలైలామా ఆవిష్కరించిన విగ్రహం అది. బాగుంది, కానీ 125 అడుగుల ధ్యానబుద్ధుణ్ణి అమరావతిలో పెట్టుకున్న ఊరివాళ్లం. అమ్మ కూడా, "మనదే పెద్దది" అని తేల్చేసింది.

సాయంత్రం నాలుగున్నరకు మళ్లీ గుడికి. ఈసారి ఫోన్లు గదిలోనే వదిలేశాం, పది నిమిషాల్లో లోపల ఉన్నాం. చెట్టు కింద మా పక్కన తెల్లబట్టల్లో నాగపూర్ నుంచి వచ్చిన కుటుంబం కూర్చుంది. పెద్దాయన రిటైరైన ఉద్యోగి, "జై భీమ్" అని పలకరించాడు. మాటల్లో దిగాం. 1949 చట్టం ప్రకారం ఈ గుడి కమిటీలో నలుగురు బౌద్ధులు, నలుగురు హిందువులు, అధ్యక్షుడిగా జిల్లా కలెక్టరు. మా గుడి మా చేతుల్లో ఎందుకుండదని ఆయన ఆవేదన. న్యాయమే అనిపించి, నేనూ అదే అన్నాను. నాకూ దేవుడి మీద నమ్మకం లేదని చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేద్కర్ దీక్ష తీసుకున్నప్పుడు చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. బుద్ధుడు విష్ణువు అవతారమని నమ్మను అనేది ఐదోది. శ్రాద్ధం పెట్టను, పిండదానం చెయ్యను అనేది ఆరోది.

నేను నేల చూపులు చూస్తున్నాను. అమ్మకు హిందీ అంతంతమాత్రం, కానీ పిండం అనే మాట తెలిసింది. "హమ్ కల్ కియా, గయ మే" అని ఉత్సాహంగా చెప్పేసింది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను అడిగాడు, మీ నాన్నగారు నమ్మేవారా? లేదు. మీరు? లేదు. మరి ఎవరి కోసం చేశారు? నేను అమ్మ వైపు చూపించాను. ఆయన నవ్వలేదు, దెప్పలేదు కూడా. తాను కూర్చున్న మందపాటి చాప సగం అమ్మ వైపు జరిపి, "మాతాజీ, నేల చల్లగా ఉంది, దీని మీద కూర్చోండి" అన్నాడు. ఆయన భార్య అమ్మ మోకాళ్లకు తన సంచిలోని నూనె సీసా ఇచ్చింది. ఆ ఇద్దరూ భాష లేకుండా ముప్పావుగంట మాట్లాడుకున్నారు.

నేను కళ్లు మూసుకుని ఊపిరి గమనించాలని ప్రయత్నించాను. ఎందుకంటే చెప్పలేను, అంతా చేస్తున్నారు కదా అని. అమ్మ తట్టి లేపేసరికి ఇరవై ఐదు నిమిషాలు గడిచిందట, గురక కూడా పెట్టానట. రెండు చేతుల నిండా దోమకాట్లు. అప్పుడు అర్థమైంది, ధ్యానం చేసేవాళ్లు ఒక్కొక్కరూ దోమతెర ఎందుకు కట్టుకున్నారో.

ఇక ఆకు సంగతి. ఈ చెట్టు ఆకు కొయ్యడానికి వీల్లేదు. తనంతట తాను రాలితే ఎవరికి దొరికితే వాళ్లది. బయట ఇదే ఆకని ప్లాస్టిక్ కవర్లో పెట్టి వంద రూపాయలకు అమ్ముతారు. రావి ఆకు రావి ఆకే, మా ఇంటి వెనక మురుగుకాలవ పక్కన కూడా ఒక చెట్టుంది అని పొద్దుటి నుంచీ అమ్మతో అంటున్నాను. ఆరుంబావు ప్రాంతంలో చిన్న గాలి వచ్చింది. దీపాల వెలుగులో ఒక ఆకు తిరుగుతూ తిరుగుతూ దిగుతోంది. చుట్టూ ముప్పై మంది తలలెత్తారు. నేను లేచాను. లేచానని నాకు తర్వాత తెలిసింది. ఒకావిడ సంచి దాటి, ఎవరి పలకో తొక్కి, వంగి చెయ్యి చాపాను. అదే క్షణంలో ఇంకో చిన్న చెయ్యి ఆకు కాడను పట్టుకుంది. పన్నెండేళ్లు ఉంటాయేమో, ఎర్రబట్టల చిన్న లామా. ఇద్దరం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. వాడు ఫక్కున నవ్వి, ఆకు వదిలేసి పరుగెత్తాడు.

నలభై మూడేళ్ల మనిషిని, ఆకు పట్టుకుని అక్కడ నిలబడిపోయాను. చెవులు కాలిపోతున్నాయి. తెచ్చి అమ్మకిచ్చాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మురుగుకాలవ పక్కన కూడా ఉందన్నావుగా" అంది. చీర కొంగుతో తుడిచి కళ్లజోడు పెట్టెలో దాచుకుంది.

13వ తేదీ తొమ్మిదింటికి పాట్నాకు కారు మాట్లాడుకున్నాం, మూడు వేల మూడు వందలు. పొగమంచు వల్ల విమానం ఎప్పుడు ఎగురుతుందో తెలియదని త్వరగా బయల్దేరమన్నారు. మర్నాడు భోగి, ఎలాగైనా ఇంటికి చేరాలి. తిల్‌కుట్ అనే నువ్వుల మిఠాయి ముందు రోజే కొనేశాం, కిలోన్నర. అది అప్పడంలా పొడి అయిపోతుంది, చేతిసంచిలోనే పెట్టుకోండి.

పొద్దున నాలుగున్నరకు అమ్మ నన్ను లేపింది. మళ్లీ గుడికట. నిన్న రెండుసార్లు చూశాం కదమ్మా అన్నాను. "ఇవాళ శనివారంరా. రావిచెట్టును ముట్టుకోవచ్చు" అంది. చుట్టూ కటకటాలున్నాయి, ఎవరినీ ముట్టుకోనివ్వరు అన్నాను. "కటకటాలే ముట్టుకుంటాను" అంది.

బాగా చలి. కౌంటర్ దగ్గర అప్పుడే లైను కట్టేశారు. పాట్నా డ్రైవరు ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, ఫోన్లు కౌంటర్లో పెట్టి లోపల కూర్చోవడానికి లేదు. అందుకని నువ్వెళ్లి రా అన్నాను. అమ్మ చెప్పులు విప్పి, రెండు జతల మేజోళ్లు వేసుకుని, ఫోను నా చేతిలో పెట్టి, ఆడవాళ్ల లైన్లో కలిసిపోయింది. నేను గేటుకు ఎదురుగా ఉన్న అరుగు మీద కూర్చున్నాను. టీ కుర్రాడు మట్టిచిప్పలో టీ ఇచ్చాడు, పది రూపాయలు. చిల్లర ఇస్తూ, లోపలికి వెళ్లలేదా అని అడిగాడు.

చెప్పులు కాస్తున్నాను అన్నాను.